కంప్యూటరును టీవీకి కలపడానికి ఏ కేబులు కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నందువల్ల, విద్యార్థుల తల్లిదండ్రులూ చుట్టుపక్కల మండలాల ఉపాధ్యాయులూ ఇంట్లోని ల్యాప్‌టాప్‌నో పాత కంప్యూటర్‌నో టీవీకి ఎలా కలపాలని నన్ను తరచూ అడుగుతుంటారు. వారిలో చాలామంది అప్పటికే ఒక కేబులు కొని, అది పట్టక, రెండోసారి దుకాణానికి బయలుదేరినవారే. టెక్కలి నుంచో నరసన్నపేట నుంచో బస్సెక్కి వచ్చి జి.టి. రోడ్డులో కొనుక్కెళ్లిన కేబులు ఇంటికి చేరాక పనికిరాకపోతే, దాని ఖరీదుతోపాటు ఒక రోజు పని కూడా పోతుంది. ఆ రెండో ప్రయాణం ఎవరికీ అవసరం పడకూడదన్న ఉద్దేశంతో, ఇన్నేళ్లుగా విన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

దుకాణానికి వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

కంప్యూటరుకున్న పోర్టులనూ (కేబులు తల దూర్చే రంధ్రాలనూ) టీవీకున్న పోర్టులనూ చూసుకోవాలి. టీవీ వెనకనుండే పోర్టులను దగ్గరగా ఒక ఫొటో, కంప్యూటర్ పక్కనో వెనకో ఉండే పోర్టులను మరో ఫొటో, టీవీ వెనక మోడల్ నంబరు ఉన్న కాగితాన్ని ఇంకో ఫొటో తీసి, ఫోనులో పెట్టుకుని వెళ్తే సగం పని అయిపోయినట్టే. "మాది పెద్ద టీవీ", "మాది కొత్త ల్యాప్‌టాప్" అని చెబితే దుకాణదారుకు ఏమీ తెలియదు. ఫొటో చూపిస్తే మారు మాట అడగకుండా తీసిస్తాడు.

పోర్టులను ఆకారం చూసి గుర్తుపట్టవచ్చు. హెచ్‌డీఎంఐ పోర్టు సుమారు 14 మిల్లీమీటర్ల వెడల్పుతో, కింది రెండు మూలలు లోపలికి ఒంగి ఉంటుంది. డిస్‌ప్లేపోర్టు చూడడానికి దాదాపు అలాగే ఉన్నా ఒక్క మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది. ఈ రెండింటినీ పొరబడేవారు ఎక్కువ గనుక మూలలను లెక్కపెట్టడం మంచిది. మూడు వరుసల్లో 15 రంధ్రాలతో, చాలావరకు నీలం రంగులో, రెండు పక్కలా మరలు బిగించే వీలుతో ఉండేది వీజీఏ. అంతకంటె వెడల్పుగా, సాధారణంగా తెల్లగా, ఒక చివర అడ్డగీత లాంటి చీలికతో ఉండేది డీవీఐ. ఇప్పటి ఫోన్ల ఛార్జర్లకు ఉండే కోలగుండ్రటి చిన్న పోర్టు టైప్-సి.

రెండు వైపులా హెచ్‌డీఎంఐ ఉంది. ఏ కేబులైనా సరిపోతుందా?

మీ టీవీ ఫుల్ హెచ్‌డీ అయితే దాదాపు ఏ కేబులైనా సరిపోతుంది. 4కే టీవీ అయితే కొంచెం ఆలోచించాలి. దీని వెనక ఉన్న లెక్క ఒకసారి తెలిస్తే పెట్టె మీద ఏం రాసినా కంగారుపడక్కరలేదు.

ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు, అంటే 20,73,600 చుక్కలు ఉంటాయి. వాటిని సెకనుకు 60 సార్లు మార్చడానికి హెచ్‌డీఎంఐ తీగల గుండా సెకనుకు సుమారు 4.46 గిగాబిట్ల సమాచారం పోవాలి. 4కే తెర మీద దానికి సరిగ్గా నాలుగు రెట్లు, 82,94,400 చుక్కలు ఉంటాయి. దాన్ని సెకనుకు 30 సార్లు మార్చడానికి సుమారు 8.91 గిగాబిట్లు, 60 సార్లు మార్చడానికి 17.82 గిగాబిట్లు కావాలి. ఇప్పుడు కేబుళ్ల రకాలు చూడండి. "హై స్పీడ్" అని రాసినది 10.2 గిగాబిట్లను, "ప్రీమియం హై స్పీడ్" అని రాసినది 18 గిగాబిట్లను, "అల్ట్రా హై స్పీడ్" అని రాసినది 48 గిగాబిట్లను మోయగలదని అర్థం. అంటే ఫుల్ హెచ్‌డీ టీవీకి హై స్పీడ్ కేబులు చాలు, 4కే టీవీ మీద మౌసు తడబడకుండా కదలాలంటే ప్రీమియం హై స్పీడ్ కావాలి, సెకనుకు 120 సార్లు మారే 4కే తెర మీద ఆటలు ఆడేవారికి మాత్రమే అల్ట్రా హై స్పీడ్ అవసరం.

పెట్టెల మీద "1.4", "2.0", "2.1" వంటి అంకెలు కూడా కనిపిస్తాయి. అవి నిజానికి పరికరాలకు సంబంధించిన ప్రమాణాల సంఖ్యలు: 1.4 ప్రమాణం 2009లో, 2.0 ప్రమాణం 2013లో, 2.1 ప్రమాణం 2017లో వచ్చాయి. కేబులును మాత్రం దాని రకం పేరుతోనే అమ్మాలని హెచ్‌డీఎంఐ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి అంకెను పక్కనపెట్టి రకం పేరు వెతకండి. ప్రీమియం, అల్ట్రా రకాల పెట్టెల మీద ఫోనుతో స్కాన్ చేసి అసలుదో నకిలీదో తేల్చుకునే ముద్ర ఉంటుంది. అది లేని "అల్ట్రా" కేబులుకు ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కంప్యూటర్, కేబులు, టీవీ ఈ మూడింటిలో ఏది వెనకబడి ఉంటే బొమ్మ దాని స్థాయికే దిగిపోతుంది. 1.4 ప్రమాణం నాటి ల్యాప్‌టాప్‌కు ఎంత గొప్ప కేబులు తగిలించినా 4కే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది.

ఖరీదైన కేబులుతో బొమ్మ ఇంకా బాగా కనిపిస్తుందా?

కనిపించదు. హెచ్‌డీఎంఐ గుండా బొమ్మ అంకెల రూపంలో పోతుంది. ఆ అంకెలు చెడకుండా అవతలికి చేరితే వంద రూపాయల కేబులైనా వేల రూపాయల కేబులైనా తెర మీద ఒకటే బొమ్మ. రంగులు చిక్కబడడం, నలుపు మరింత నల్లబడడం కేబులు మార్చితే జరిగేవి కావు. అంకెలు చేరకపోతే ఆ లోపం దాగదు: తెర మీద తెల్లని మెరుపు చుక్కలు రాలుతున్నట్టు కనిపిస్తాయి, ఉండి ఉండి రెండు సెకన్లు తెర నల్లబడుతుంది, లేదా "సిగ్నల్ లేదు" అన్న మాట వస్తుంది. ఇవేవీ లేకపోతే మీ కేబులు తన పని పూర్తిగా చేస్తున్నట్టే.

బంగారు పూత గురించి మాత్రం మన ప్రాంతం వారికి వేరుగా చెప్పాలి. పూత బొమ్మను మెరుగుపరచదు, కానీ చిలుము పట్టకుండా కాపాడుతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి ఊళ్లలోనూ, విజయనగరం జిల్లాలో భోగాపురం తీరం వెంటనూ ఉప్పుగాలికి ఇనుప కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతుంటే, సన్నని లోహపు పలకలను ఆ గాలి వదులుతుందా? అదృష్టవశాత్తూ ఇప్పుడు సాధారణ ధర కేబుళ్లకు కూడా పలుచని బంగారు పూత ఉంటోంది, దానికోసం ప్రత్యేకంగా ఎక్కువ ఇవ్వక్కరలేదు. తీరం ఊళ్లలో ఉండేవారు పెట్టుకోవలసిన అలవాటు వేరే ఉంది: కేబులు వాడనప్పుడు పోర్టును దుమ్ము, తేమ చేరకుండా రబ్బరు మూతతో మూసి ఉంచాలి. చీమలు, బల్లిగుడ్లు పోర్టుల్లో దొరికిన సందర్భాలు నేను చూశాను.

ఎంత పొడవు కేబులు కొనాలి?

అవసరానికి సరిపడేంత, దానికి పైన ఒక మూర. అంతకుమించి వద్దు.

కొలిచేటప్పుడు కంప్యూటర్ నుంచి టీవీకి గాలిలో దూరం చూడకండి. కేబులు బల్ల మీద నుంచి నేలకు దిగి, గోడ వెంట నడిచి, మళ్లీ టీవీ ఎత్తుకు ఎక్కుతుంది. ఒక నవారునో తాడునో ఆ దారి వెంట పరిచి, దాన్ని టేపుతో కొలవండి. చాలా ఇళ్లలో నాలుగు అడుగులనుకున్న దూరం పది అడుగులు తేలుతుంది. ఒకటిన్నర మీటర్లు, 3 మీటర్లు, 5 మీటర్ల కేబుళ్లు అన్ని చోట్లా దొరుకుతాయి. ఫుల్ హెచ్‌డీకి 10 మీటర్ల మంచి కేబులు కూడా సాధారణంగా పనిచేస్తుంది గాని, 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే మామూలు రాగి కేబులుతో 5 మీటర్లు దాటకపోవడమే క్షేమం. రాగి తీగలో వేగం పెరిగే కొద్దీ, పొడవు పెరిగే కొద్దీ సంకేతం నీరసిస్తుంది. ఎక్కువ పొడవుది కొని చుట్ట చుట్టి టీవీ వెనక వేలాడదీస్తే ఆ బరువంతా పోర్టు మీద పడుతుంది. రెండు చిన్న కేబుళ్లను మధ్యలో జోడు ముక్కతో కలపడం కంటె ఒకే కేబులు నయం, ఎందుకంటే ప్రతి జోడింపు దగ్గరా కొంత సంకేతం పోతుంది, కొంత వదులు వస్తుంది.

ఊరి రచ్చబండ దగ్గర క్రికెట్ ఆట పెద్ద తెర మీద వేయడానికో, కల్యాణ మండపంలో వీడియో చూపించడానికో 15 మీటర్లు, 20 మీటర్లు కావలసినవారు లోపల గాజు పోగులు ఉండే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబులు తీసుకోవాలి. దానికి ఒక చివర "సోర్స్" అనీ మరో చివర "డిస్‌ప్లే" అనీ రాసి ఉంటుంది. సోర్స్ వైపు కంప్యూటరుకే పెట్టాలి, తిరగేస్తే బొమ్మ రాదు. దాన్ని గట్టిగా మడవకూడదు, జనం తొక్కే దారిలో పరచకూడదు. గాజు పోగు విరిగితే అతకడం కుదరదు.

మా ల్యాప్‌టాప్‌కు టైప్-సి తప్ప వేరే పోర్టు లేదు. ఏం చేయాలి?

టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మారే కేబులు తీసుకోవాలి. అయితే ముందుగా మీ టైప్-సి పోర్టుకు బొమ్మను పంపే శక్తి ఉందో లేదో తెలుసుకోవాలి. టైప్-సి అన్నది పోర్టు ఆకారానికి పేరు మాత్రమే. ఆ ఆకారం వెనక కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగూ ఫైళ్ల రవాణా మాత్రమే ఉంటాయి, కొన్నింటిలో బొమ్మ కూడా ఉంటుంది. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్టు గుర్తుగానీ, పిడుగు బాణం లాంటి థండర్‌బోల్ట్ గుర్తుగానీ ఉంటే బొమ్మ వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే తయారీదారు వెబ్‌సైటులో మీ మోడల్ వివరాల పేజీ తెరిచి, టైప్-సి వరుసలో "డిస్‌ప్లేపోర్ట్" అన్న మాట ఉందేమో వెతకండి. ఆ మాట లేకపోతే కేబులు కొనకండి.

ఉన్న ఒక్క టైప్-సి పోర్టునే ఛార్జింగుకూ వాడుతుంటే, కేబులు బదులు హెచ్‌డీఎంఐ పోర్టుతోపాటు ఛార్జరు పెట్టుకునే చోటు కూడా ఉన్న అడాప్టర్ తీసుకోండి. రెండు గంటల సినిమా మధ్యలో బ్యాటరీ అయిపోయే బాధ ఉండదు. ఫోనుతో వచ్చిన ఛార్జింగ్ కేబులు ఈ పనికి పనికిరాదు.

పాత కంప్యూటరుకు వీజీఏ ఉంది, కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది. కలపవచ్చా?

కలపవచ్చు, కానీ అందరికంటె ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఈ సందర్భంలోనే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

వీజీఏ 1987లో ఐబీఎం తన కంప్యూటర్లతో తెచ్చిన పద్ధతి. దాని గుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మూడు విద్యుత్ తరంగాలుగా పోతాయి. హెచ్‌డీఎంఐ 2002 చివరలో ప్రమాణంగా వచ్చింది, దాని గుండా పోయేవి అంకెలు. తరంగాన్ని అంకెగా మార్చాలంటే మధ్యలో ఒక చిన్న సర్క్యూటు పనిచేయాలి. కాబట్టి ఒక చివర వీజీఏ, మరో చివర హెచ్‌డీఎంఐ పెట్టి మధ్యలో ఏమీ లేకుండా ఉత్త తీగతో అమ్మే కేబులు ఎక్కడైనా కనిపిస్తే, అది మీకు పనిచేయదు. మీకు కావలసినది కన్వర్టర్, అంటే చిన్న డబ్బీ ఉన్నది. ఆ సర్క్యూటుకు కరెంటు కావాలి గనుక దానికి యూఎస్‌బీ తోక ఉంటుంది. వీజీఏ శబ్దాన్ని మోయదు గనుక, హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే ఇంకో తోక కూడా ఉంటుంది. ఈ రెండూ ఉన్నాయో లేదో చూసి కొనాలి.

రెండో చిక్కు దిశ. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఒకటి, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది వేరొకటి, అవి పక్కపక్కనే వేలాడుతూ ఒకేలా కనిపిస్తాయి. పేరులో ముందు వచ్చేది కంప్యూటర్ వైపు, తర్వాత వచ్చేది టీవీ వైపు అని గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్ల కిందట మా పెదనాన్నగారి ఇంటికి నేనే ఒక దుకాణంలో తొందరపడి తిరగేసినది తెచ్చాను. ఆ సాయంత్రమంతా టీవీ పాడైందని అందరూ అనుకున్నారు. కంప్యూటర్ వీజీఏ అయినప్పుడు "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అని పెట్టె మీద ఆ వరుసలోనే ఉండాలి.

కన్వర్టర్ వాడినప్పుడు ఫుల్ హెచ్‌డీకి మించిన స్పష్టతను ఆశించకూడదు. డబ్బు కట్టి చూసే సినిమా యాప్‌లలో కొన్ని, వీజీఏలో కాపీ రక్షణ ఉండదు గనుక, బొమ్మ స్థాయిని తగ్గిస్తాయి లేదా నల్ల తెర చూపిస్తాయి. పాఠాలకు, ఫొటోలకు, లెక్కల పుస్తకాలకు ఆ ఇబ్బంది లేదు. మీ టీవీ కొంచెం పాతదై, వెనక "పీసీ ఇన్" అని వీజీఏ పోర్టే ఉంటే కన్వర్టర్ అక్కరలేదు, మామూలు వీజీఏ కేబులూ శబ్దానికి విడిగా 3.5 మిల్లీమీటర్ల ఆడియో కేబులూ చాలు.

డీవీఐ, డిస్‌ప్లేపోర్టు ఉన్నవారి సంగతి?

వీరి పని తేలిక. డీవీఐ కూడా చాలావరకు అంకెల పద్ధతే గనుక డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి ఉత్త కేబులు సరిపోతుంది. శబ్దం మాత్రం రాకపోవచ్చు, విడిగా ఆడియో తీగ వేసుకోవాలి. డిస్‌ప్లేపోర్టు ఉన్న కంప్యూటరుకు డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మారే కేబులు దొరుకుతుంది. అది కంప్యూటర్ నుంచి టీవీకి ఒకే దిశలో పనిచేస్తుంది.

బల్ల కింద పెట్టే కంప్యూటర్లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు, అంటే బొమ్మను తయారుచేసే పలక ఉంటే, వెనక వైపు రెండు చోట్ల హెచ్‌డీఎంఐ పోర్టులు కనిపిస్తాయి. కింద అడ్డంగా ఉండే కార్డు పోర్టుకే కేబులు పెట్టాలి. పైన మదర్‌బోర్డు (కంప్యూటర్ ప్రధాన పలక) పోర్టుకు పెట్టి బొమ్మ రాలేదని కేబులు మార్చేవారిని చూశాను.

ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి టీవీ యూఎస్‌బీకి కేబులు వేస్తే?

దయచేసి వేయకండి. టీవీకి ఉన్న యూఎస్‌బీ పోర్టు పెన్‌డ్రైవు పెట్టుకోవడానికి. కంప్యూటర్ బొమ్మను అది తీసుకోదు. పైగా రెండు పోర్టులూ 5 వోల్టుల కరెంటును బయటికి ఇచ్చేవే గనుక, వాటిని ఒకదానికొకటి కలపడం పరికరాలకు హాని.

ఇంట్లో ఉన్నది పాత పెట్టె టీవీ. దానికి కలపవచ్చా?

పసుపు, ఎరుపు, తెలుపు రంగు రంధ్రాలు ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే కన్వర్టర్‌తో కలపవచ్చు. సినిమా, భజన పాటలు, పెళ్లి వీడియో చూడడానికి పర్వాలేదు. మన దేశంలోని పాత టీవీల పాల్ పద్ధతిలో కనిపించే వరుసలు 576 మాత్రమే గనుక, కంప్యూటర్ మీది చిన్న అక్షరాలు అందులో చదవడం కుదరదు. పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం అయితే ఆ కన్వర్టర్ ఖర్చును కొత్త టీవీ కోసం దాచుకోమనే చెబుతాను.

బొమ్మ వస్తోంది, శబ్దం ల్యాప్‌టాప్‌లోనే వస్తోంది. కేబులు లోపమా?

కాదు. హెచ్‌డీఎంఐ శబ్దాన్ని కూడా మోస్తుంది. విండోస్‌లో కింద మూలనున్న స్పీకరు బొమ్మను నొక్కి, జాబితాలో టీవీ పేరును ఎంచుకోండి. బొమ్మే రాకపోతే, విండోస్ మీటనూ పి అక్షరం మీటనూ కలిపి నొక్కండి. తెర ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండాలా, రెండింటిలో ఒకేలా ఉండాలా, పొడిగించాలా, టీవీలో మాత్రమే ఉండాలా అని నాలుగు దారులు చూపిస్తుంది. టీవీ రిమోటులో మీరు కేబులు పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరునే ఎంచుకున్నారో లేదో కూడా చూడండి.

అంచులు కోసుకుపోయి, అక్షరాలు మసకగా ఉన్నాయి. మంచి కేబులు వేస్తే తగ్గుతుందా?

తగ్గదు, ఇది టీవీ అమరికల్లో సరిచేయవలసిన విషయం. పాత గొట్టం టీవీల కాలంలో బొమ్మ అంచులు చట్రం వెనక దాగేలా కాస్త పెద్దది చేసి చూపేవారు. ఆ అలవాటు ఇప్పటి టీవీల్లోనూ మిగిలింది, అందువల్ల విండోస్ కింది పట్టీ తెర బయటికి జారిపోతుంది. టీవీ చిత్ర అమరికల్లో "స్క్రీన్ ఫిట్" అనో "జస్ట్ స్కాన్" అనో ఉండేదాన్ని ఎంచుకుంటే అంచులు తిరిగి వస్తాయి. ఆ పోర్టు పేరును "పీసీ" అని మార్చే వీలు మీ టీవీలో ఉంటే అది ఇంకా మంచిది. చాలా టీవీలు అప్పుడు అక్షరాల అంచులకు చేసే కృత్రిమ మెరుగులను మానేసి, రంగుల వివరాలను కుదించకుండా చూపిస్తాయి.

32 అంగుళాల టీవీల్లో చాలావాటికి అసలు తెర 1366 నిలువు, 768 అడ్డ వరుసలదే. దానికి ఫుల్ హెచ్‌డీ బొమ్మ పంపితే తీసుకుంటుంది గాని, లోపల కుదించడం వల్ల అక్షరాలు చెదురుతాయి. కంప్యూటర్‌లో అదే కొలత ఎంచుకుని చూడండి, ఆ కొలత జాబితాలో లేకపోతే అక్షరాల పరిమాణం పెంచుకోండి. 4కే టీవీల్లో మరో సంగతి ఉంది. పోర్టు పూర్తి వేగంతో పనిచేయాలంటే అమరికల్లో ఆ పోర్టుకు "ఎన్‌హాన్స్‌డ్" లాంటి పేరున్న మీట వేయవలసి రావచ్చు.

కేబులు పెడుతుంటే చేతికి జిల్లుమంటోంది. ప్రమాదమా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను. మన పల్లెల్లో చాలా ఇళ్లకు ఎర్తింగు సరిగా లేదు, లేదా మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగే లేదు. అలాంటి చోట ల్యాప్‌టాప్ ఛార్జరు నుంచి, టీవీ నుంచి స్వల్పంగా కారే కరెంటు నేలకు పోయే దారిలేక లోహపు భాగాల మీద నిలుస్తుంది. ఇంటి బయటి నుంచి వచ్చే కేబుల్ టీవీ తీగ ఇంకో వోల్టేజీని మోసుకొస్తుంది. హెచ్‌డీఎంఐ కేబులు తలలు తగిలిన క్షణంలో ఆ తేడా అంతా సన్నని పిన్నుల గుండా పారవచ్చు. చేతికి జిల్లుమనేది, పోర్టు కాలిపోయేది ఈ కారణంగానే. పోర్టు కాలితే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ముందు కేబులు ఖరీదు ఏ మూలకూ రాదు.

హెచ్‌డీఎంఐని పరికరాలు నడుస్తుండగానే తగిలించవచ్చన్న మాట నిజమే. కానీ ఎర్తింగు మీద నమ్మకం లేని ఇంట్లో టీవీ, సెట్‌టాప్ బాక్సు, ల్యాప్‌టాప్ ఛార్జరు మూడింటి ప్లగ్గులూ తీసి, కేబులు పెట్టి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టండి. జిల్లుమనడం గట్టిగా ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు పరీక్ష చేయించండి. ఎండాకాలంలో ఎర్తు గొయ్యి ఎండిపోతే నీళ్లు పోయడం పాతకాలం నుంచి ఉన్న అలవాటే, అది మానకూడదు.

ఉరుములు మొదలైనప్పుడు టీవీకీ కంప్యూటరుకూ మధ్య కేబులు తీసేయండి. కేబుల్ టీవీ తీగ ద్వారానో కరెంటు తీగ ద్వారానో వచ్చిన పోటు ఒక పరికరంతో ఆగకుండా, హెచ్‌డీఎంఐ దారిన రెండోదానికీ పాకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వారికి కరెంటు పోవడమే కాదు, తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎలా ఎగిరిపడుతుందో కూడా తెలుసు. తుపాను హెచ్చరిక రాగానే తీయవలసిన తీగల్లో దీన్నీ చేర్చుకోండి.

టీవీకి ఒకటే హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, అది సెట్‌టాప్ బాక్సుకు పోయింది. ఎలా?

హెచ్‌డీఎంఐ స్విచ్ కొనండి. అందులో రెండు మూడు పరికరాలు ఒకవైపు పెట్టి, ఒక కేబులు టీవీకి వేసి, మీట నొక్కి మార్చుకోవచ్చు. దుకాణంలో "స్ప్లిటర్" అని అడిగితే దీనికి విరుద్ధమైనది ఇస్తారు. అది ఒక పరికరం బొమ్మను రెండు టీవీలకు పంచేది. మీ సెట్‌టాప్ బాక్సుకు ఏవీ తీగ కూడా ఉంటే, దాన్ని ఏవీకి మార్చి హెచ్‌డీఎంఐని కంప్యూటరుకు వదిలేయడం పైసా ఖర్చు లేని దారి, కాకపోతే ఛానళ్ల స్పష్టత తగ్గుతుంది.

బడిలోని పెద్ద ప్యానెల్‌కు ల్యాప్‌టాప్ కలిపాను. బొమ్మ వస్తోంది గాని, తెరను తాకితే పనిచేయడం లేదు.

మన సర్కారు బడుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాక ఉపాధ్యాయులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. హెచ్‌డీఎంఐ బొమ్మనూ శబ్దాన్నీ ల్యాప్‌టాప్ నుంచి ప్యానెల్‌కు తీసుకెళ్తుంది. మీ వేలు ఎక్కడ తాకిందన్న సమాచారం ప్యానెల్ నుంచి ల్యాప్‌టాప్‌కు వెనక్కి రావడానికి ఇంకో కేబులు కావాలి. ప్యానెల్ మీద "టచ్" అని రాసి ఉన్న పోర్టుకూ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకూ మధ్య దాన్ని వేయాలి. చాలా ప్యానెళ్లలో ఆ పోర్టు ప్రింటరుకు ఉన్నట్టు చతురస్రంగా ఉంటుంది, కాబట్టి ప్రింటర్ కేబులే సరిపోతుంది. రెండు కేబుళ్లనూ కలిపి టేపు చుట్టి ఒక జతగా ఉంచితే ప్రతి పీరియడ్‌లో వెతుక్కునే పని తప్పుతుంది.

కొత్త ఇల్లు కడుతున్నాం. గోడలో ముందే కేబులు వేయించుకోవాలా?

కేబులు కంటె పైపు ముఖ్యం. ప్రమాణాలు మారుతుంటాయి, గోడలో పూడ్చిన కేబులు పదేళ్ల తర్వాత పాతబడిపోతుంది. టీవీ వచ్చే చోటు నుంచి కంప్యూటర్ బల్ల వచ్చే చోటికి ఒకటిన్నర అంగుళాల పైపు వేయించి, లోపల ఒక లాగుడు తీగ వదిలేయమని మేస్త్రీకి చెప్పండి. హెచ్‌డీఎంఐ తల వెడల్పుగా ఉంటుంది గనుక లైట్ల తీగలకు వేసే సన్న పైపులో అది దూరదు. మూలల దగ్గర మొండిగా తిరిగే బెండు కాకుండా వంపుగా తిరిగేది వేయించాలి, కరెంటు తీగలతో ఒకే పైపులో కలపకూడదు. టీవీ గోడకు ఆనుకుని ఉండేలా బిగిస్తే, కేబులు మెడ విరగకుండా పక్కకు తిరిగి ఉండే ఎల్ ఆకారపు తల ఉన్న కేబులు తీసుకోవాలి.

కేబులు లేకుండా కలపలేమా?

టీవీ స్మార్ట్ అయితే విండోస్ మీటనూ కె అక్షరం మీటనూ కలిపి నొక్కి వైఫై ద్వారా తెరను పంపవచ్చు. ఫొటోలకూ పాఠాలకూ అది చాలు. మౌసు కదలిక కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది, వైఫై బలహీనమైతే బొమ్మ ఆగుతుంది. అందువల్ల నేను ఇప్పటికీ కేబులునే ఇష్టపడతాను.

దుకాణంలో కేబులును ఎలా పరీక్షించి తీసుకోవాలి?

వీలైతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, దుకాణంలోని టీవీకి తగిలించి, అయిదు నిమిషాలు వీడియో నడిపి చూడండి. మధ్యలో కేబులు తలను రెండు వైపులా మెల్లగా కదిపితే బొమ్మ పోకూడదు. తల పోర్టులో బిగువుగా కూర్చోవాలి, తీగ తలలోకి వెళ్లే చోట వంగడానికి వీలుగా రబ్బరు మెడ ఉండాలి. బిల్లు మీద కేబులు రకం పేరు, పొడవు రాయించుకోండి, పట్టకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో కూడా అడగండి. ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా ఫొటోలు చూపించి, వాడే విధానం చెప్పి అడిగినవారికి మంచి దుకాణదారు సరైనదే ఇస్తాడు.